కంప్యూటర్లు ర్యాంకులిచ్చిన రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ టీముల పేర్లు, అంటే ఛాంపియన్ని తేల్చే నాకౌట్‌కి ఎవరెవరు వెళ్తారో, ప్రకటిస్తారు (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్). మా పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపు ఏడాది పొడుగునా పుట్టినరోజు శుభాకాంక్షలకి తప్ప దేనికీ కదలదు గానీ ఆ ఆదివారం మాత్రం ఫోను మోగుతూనే ఉంటుంది. వాడికెందుకిచ్చారు, వీడికెందుకివ్వలేదు, టీముల్ని ఎంచే ఆ కమిటీకి కళ్లున్నాయా లేవా. ఇంట్లో వాళ్లు ఇదేం గోల అని చూస్తారు. ఇప్పుడు 12 టీములకి అవకాశం ఇస్తున్నారు, అయినా గొడవే. నేను ఈ దేశంలో దిగినప్పుడు రెండే టీములకి ఇచ్చేవాళ్లు. అప్పటి గొడవల ముందు ఇవి గొడవలే కాదు.

నేను ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో ఎమ్మెస్‌కి చేరింది 2004 ఆగస్టులో. ఫార్ వెస్ట్ బస్సు రూట్లో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్, నలుగురం. ఒకడు వరంగల్, ఒకడు భీమవరం, ఒకడు అనంతపురం, నేను తెనాలి. నలుగురికీ క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. సెప్టెంబరులో మొదటి హోమ్ గేమ్ రోజు శనివారం కదా అని లైబ్రరీకి బయల్దేరితే బస్సు నిండా ఒకే రంగు చొక్కాలు, ఇటుక రంగుకీ నారింజకీ మధ్యలో ఉండే ఆ బర్ంట్ ఆరెంజ్. చంటిపిల్లల దగ్గర్నుంచి చేతికర్ర పట్టుకున్న ముసలాయన దాకా అదే రంగు. స్టేడియం పట్టేదే ఎనభై వేల మందిని, ఇంకో ఇరవై ముప్ఫై వేలమంది బయట పార్కింగ్ లాట్లలో పొయ్యిలు పెట్టుకుని మాంసం కాల్చుకుంటున్నట్టు అనిపించింది. కాలేజీ పిల్లల ఆటకి ఇంత జనమా అని నోరు తెరుచుకుని చూశాం.

భీమవరం వాడు మాత్రం వారం తిరక్కుండా స్టూడెంట్ స్పోర్ట్స్ ప్యాకేజీ కొనేశాడు. "డబ్బులు పెట్టాంరా, చూడక చస్తామా" అని వాడి లెక్క. వాడి వెనకాలే మేమూ కొన్నాం. మొదటి రెండు గేములు ఎందుకు ఆగుతుందో, ఎందుకు మొదలవుతుందో అర్థం కాకుండానే చూశాం. అరవై నిమిషాల ఆట అంటారు, మూడున్నర గంటలు పడుతుంది. నాలుగు ప్రయత్నాల్లో (వీటినే డౌన్లంటారు) పది యార్డులు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు, అంతే, ఆ ఒక్క ముక్క తలకెక్కాక మిగతాదంతా నెమ్మదిగా దానంతటదే తెలిసిపోయింది. టెక్సాస్ స్కోరు చేసినప్పుడల్లా మైదానం మూలనుంచి ఫిరంగి పేలేది. బంతిని చేర్చాల్సిన ఆ చివరి పట్టీ, ఎండ్ జోన్ అంటారు, దాని వెనక మా టీము గుర్తైన బీవో అనే నిజం ఎద్దు, ఆ చివర నుంచి ఈ చివరకి బారెడు కొమ్ములతో, ఈ గోలతో నాకేం సంబంధం అన్నట్టు నెమరేస్తూ పడుకునేది.

ఆట అర్థమైంది గానీ ఛాంపియన్ని ఎలా తేలుస్తారన్నది మాత్రం ఎంతకీ మింగుడుపడలేదు. అప్పట్లో వందకు పైగా పెద్ద కాలేజీ టీములు, ఒక్కోటీ సీజన్లో ఆడేది పదకొండో పన్నెండో గేములు. చివర్లో టోర్నమెంటు లేదు. జనవరి 1కి అటూ ఇటూ బౌల్ గేములని ఉంటాయి. పాసడీనాలో రోజ్ బౌల్ 1902లోనే పుట్టింది, ఆరెంజ్, షుగర్ బౌళ్లు 1935లో, డాలస్ కాటన్ బౌల్ 1937లో. చలికాలంలో టూరిస్టుల్ని రప్పించుకోడానికి ఎండ కాసే ఊళ్లు పెట్టుకున్న పండగ మ్యాచులు ఇవి. ఎవరి బౌల్ వాళ్లు గెలిచి ఇళ్లకెళ్లిపోతే, తర్వాత విలేకరులూ కోచ్‌లూ ఓట్లేసి "ఈ ఏడు ఛాంపియన్ ఫలానా" అనేవాళ్లు. దశాబ్దాలపాటు అలాగే నడిచింది. 1998లో బీసీఎస్ (బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్) అని ఒక ఏర్పాటు వచ్చి, ఓట్లూ కంప్యూటర్ ర్యాంకులూ కలిపి మొదటి రెండు స్థానాల్లో ఉన్న టీములకి ఫైనల్ పెట్టడం మొదలుపెట్టారు. మాది ఎంసెట్ బుర్ర. ర్యాంకు వచ్చిందంటే వచ్చింది, దాన్ని విజయవాడ విలేకరులు ఓట్లేసి మార్చరు. ఇక్కడేమో మార్చేస్తున్నారు! అనంతపురం వాడు ఒక రాత్రంతా "అంటే గెలిచినా రారా?" అన్న ఒక్క ప్రశ్నే అడిగాడు.

రారు. మా మొదటి సీజన్లోనే చూశాం. 2004లో యూఎస్‌సీ (లాస్ ఏంజెలస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా), ఓక్లహోమా, ఆబర్న్, యూటా, బోయిసీ స్టేట్, ఐదు టీములు ఒక్క ఓటమి లేకుండా బౌళ్ల దాకా వచ్చాయి. ఫైనల్లో కుర్చీలు రెండే. యూఎస్‌సీనీ ఓక్లహోమానీ కూర్చోబెట్టారు, యూఎస్‌సీ 55-19తో ఓక్లహోమాని చితక్కొట్టింది. ఆబర్న్ వాళ్లు షుగర్ బౌల్ గెలిచి పదమూడుకి పదమూడుతో ముగించి కూడా ఏమీ కాకుండా మిగిలిపోయారు. దానికి ముందు ఏడాది ఇంకా విచిత్రమట, రెండు ఓట్ల జాబితాల్లోనూ నంబర్ వన్‌గా ఉన్న యూఎస్‌సీని కంప్యూటర్లు కిందకి లాగేస్తే ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), ఓక్లహోమా ఫైనల్ ఆడాయి, చివరికి ఇద్దరు ఛాంపియన్లు తేలారు. అది మేం చూడలేదు, విన్నదే.

మా టెక్సాస్‌కి కూడా 2004లో అదే ఓట్ల రాజకీయంలో లాభం జరిగింది. కోచ్ మ్యాక్ బ్రౌన్ టీవీలో ఓటర్లని బాహాటంగానే అడుక్కున్నాడు, మా పిల్లలు అర్హులు, కాస్త చూడండి అని. ఆఖరి లెక్కలో టెక్సాస్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ టీముని దాటేసి రోజ్ బౌల్‌కి వెళ్లింది. బర్క్‌లీలో చదువుతున్న మా క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి ఎన్ని తిట్లు తిట్టాడో. ఆ రోజ్ బౌల్‌లో డస్టీ మాంగమ్ అనే కుర్రాడు టైము అయిపోతుండగా కాలితో కొట్టిన మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ మిషిగన్ ఆటగాడి చేతికి తగిలి కూడా కొంచెం వంకరగా పోల్స్ మధ్యలోంచి వెళ్లింది. 38-37. ఆ రాత్రి నుంచి మేం అభిమానులం అయిపోయాం, ఇంక వెనక్కి తిరిగే పనే లేదు.

వరంగల్ వాడి పిచ్చి వేరు. వాడికి ఆటకంటే ఆ కంప్యూటర్ ర్యాంకుల మీద మోజు. ఆరు కంప్యూటర్ ర్యాంకింగులు ఉండేవి, ఒక్కో టీముకి వచ్చిన వాటిలో ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా నాలుగూ కలిపేవాళ్లు. కొందరు తమ ఫార్ములా ఏమిటో బయటికి చెప్పేవాళ్లు కాదు. వెస్లీ కాలీ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త మాత్రం తన పద్ధతి మొత్తం రాసి అందరికీ ఇచ్చేశాడు. మావాడు దాన్ని ప్రింట్ తీసుకుని అన్నం తింటూ కూడా చదివేవాడు. అందులో ప్రతి టీమూ 0.5తో మొదలవుతుంది. ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచావన్నది అక్కర్లేదు, ఎవరి మీద గెలిచావన్నదే లెక్క. మాట్రిక్స్ డయాగొనల్ మీద ఆ టీము ఆడిన గేములకి రెండు కలిపి వేస్తారు, మిగతా గళ్లలో ఆ ఇద్దరూ ఎన్నిసార్లు తలపడ్డారో అది మైనస్‌లో, అవతలి వైపు గెలుపోటముల తేడాలో సగానికి ఒకటి కలిపి. అంతే, మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను కొడితే దేశంలో టీములన్నీ వరుసలో నిలబడతాయి. శనివారం రాత్రి స్కోర్లన్నీ కూర్చుని ఎక్కించి, ఆదివారం పొద్దున ర్యాంకులు తీసి ఫ్రిజ్ మీద అంటించేవాడు. వాళ్ల సైటులో వచ్చిన అంకెతో దశాంశాలు కూడా సరిపోయాయంటే ఆ రోజు వాడి మొహం చూడాలి. తర్వాత 2010లో ఇదే ర్యాంకింగులో ఒక చిన్న డివిజన్ గేము ఫలితం ఎక్కించడం మర్చిపోయినందుకు ఎల్ఎస్‌యూ, బోయిసీ స్టేట్ పదీ పదకొండు స్థానాల్లో తారుమారయ్యాయి. ఫార్ములా బహిరంగం కాబట్టి బయటివాళ్లు లెక్కేసి పట్టుకోగలిగారు. మిగతా వాటిలో ఎన్ని తప్పులు ఎవరికీ తెలీకుండా పోయాయో అని వాడు ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఇక 2005 సీజన్. దీని గురించి రాయడానికే అసలు కూర్చున్నాను.

సెప్టెంబరులో టెక్సాస్ కొలంబస్ వెళ్లి ఓహయో స్టేట్‌ని 25-22తో ఓడించింది. అక్టోబరులో డాలస్ స్టేట్ ఫెయిర్ మధ్యలో ఉన్న కాటన్ బౌల్ స్టేడియంలో ఓక్లహోమాని 45-12. డిసెంబరులో, అప్పట్లో మా లీగైన బిగ్ 12 ఫైనల్లో కొలరాడోని 70-3, ఇది అచ్చుతప్పు కాదు, డెబ్బైకి మూడు. అటువైపు యూఎస్‌సీ వరసగా 34 గేములు గెలిచి ఉంది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మ్యాట్ లైనార్ట్‌కి 2004 హైస్‌మన్, వాళ్ల రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) రెజ్జీ బుష్‌కి 2005 హైస్‌మన్. అంటే దేశంలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఎవరికిచ్చినా ఆ ఇంటికే వెళ్తోంది. ఫైనల్‌కి నెల ముందునుంచీ టీవీలో ఒకటే చర్చ, ఈ యూఎస్‌సీ కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యుత్తమ టీమా కాదా అని. వాళ్లింకా మాతో ఆడనే లేదు! ఒళ్లు మండిపోయేది మాకు.

జనవరి 4, 2006, బుధవారం. శీతాకాలం సెలవులు. టికెట్ కొనుక్కోగలిగిన వాళ్లు ఇండియా వెళ్లారు, మేం నలుగురం వెళ్లలేదు. క్యాంపస్ ఖాళీ. కేబుల్ లేదు గానీ గేమ్ ఏబీసీలో కాబట్టి యాంటెన్నాకి వస్తుంది. ఎవరో డంప్‌స్టర్ పక్కన వదిలేసిన టీవీ, దాని యాంటెన్నాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఒక మూల వంచి గోడకి టేప్ వేశాం. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని రూలు. ఆ రోజు వంట టర్న్ అనంతపురం వాడిది. పై ఫ్లోర్ అబ్బాయిలు నలుగురైదుగురు, కింద ఫ్లోర్ తమిళమ్మాయిలు ఇద్దరూ వచ్చారు, కూర్చోడానికి పరుపులు హాల్లోకి లాగాం.

మొదటి సగం మాదే, 16-10. అందులో మా క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ పరిగెడుతూ పక్కవాడికి బంతి అందించి టచ్‌డౌన్ చేయించాడు, అంటే బంతిని ఎండ్ జోన్‌లోకి చేర్పించాడు. అందించేముందు వాడి మోకాలు నేలకి తగిలిందని రీప్లేలో స్పష్టంగా కనపడింది, కానీ రెఫరీలు సమీక్షించలేదు. మేం ఊరుకున్నాం. రెజ్జీ బుష్ కూడా ఒకచోట యార్డులు బోలెడు పరిగెత్తి, అవసరం లేకపోయినా వెనక వస్తున్న వాడికి బంతి విసరబోయి పోగొట్టుకున్నాడు. రెండో సగంలో యూఎస్‌సీ లేచింది. లెన్‌డేల్ వైట్ అనే వాడు గోడలా ఉంటాడు, వాడికి బంతి ఇచ్చి తోసుకుంటూ పోవడమే. ఆరు నిమిషాల నలభై రెండు సెకన్లు ఉందనగా 38-26, వాళ్లు పన్నెండు ముందు. హాల్లో మాటల్లేవు. భీమవరం వాడు లేచి వరండాలోకి వెళ్లిపోయాడు, "నేను చూస్తుంటే ఓడిపోతున్నారు" అని. మనవాళ్ల జబ్బే కదా ఇది, సచిన్ ఆడేటప్పుడు కుర్చీలోంచి కదలనివ్వని వాళ్లం.

వాడు వెళ్లాక విన్స్ యంగ్ టచ్‌డౌన్. 38-33. వాణ్ణి లోపలికి రావద్దని తలుపు గడియ పెట్టేశాం. బయట చలి, వాడు కిటికీ అద్దం మీద కొడుతున్నాడు, "స్కోరైనా చెప్పండ్రా". రెండు నిమిషాలు చిల్లర ఉండగా యూఎస్‌సీకి నాలుగో డౌన్, రెండు యార్డులు కావాలి. అవి వస్తే ఆట అయిపోయినట్టే. బంతిని దూరంగా తన్ని వదిలేయకుండా (దాన్ని పంట్ అంటారు) బరిలోకి దిగారు. మళ్లీ లెన్‌డేల్ వైట్‌కే ఇచ్చారు. ఆ సమయానికి దేశంలోకెల్లా గొప్ప ఆటగాడని బిరుదిచ్చిన రెజ్జీ బుష్ సైడ్‌లైన్‌లో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా లాస్ ఏంజెలస్ వాళ్లు దీన్ని మర్చిపోలేకపోతున్నారు, పాపం. టెక్సాస్ కుర్రాళ్లు ఆపేశారు. పై ఫ్లోర్ అబ్బాయి ఎగిరి దూకితే కాలు టీవీ స్టాండుకి తగిలి బొమ్మ పోయింది. ముప్ఫై సెకన్లు తెరమీద చీమలు. అంతమంది తిట్లు ఒక్కడు ఒకేసారి తినడం నేను మళ్లీ చూడలేదు. ఫాయిల్ సరిచేసి బొమ్మ రప్పించేసరికి విన్స్ యంగ్ అప్పటికే సగం దూరం వచ్చేశాడు.

నాలుగో డౌన్, ఐదు యార్డులు. ఇరవై ఆరు సెకన్లు. పాస్ కోసం వెనక్కి తగ్గాడు, ఎవరూ ఖాళీగా లేరు, కుడివైపు ఒక్కసారి సర్రున వంగి మూలనున్న జెండా దిక్కు పరిగెత్తాడు. పరిగెత్తడం కూడా కాదు, పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచినట్టే ఉంటుంది వాడి పరుగు, అవతలివాళ్లే ఎందుకో అందుకోలేరు. ఎండ్ జోన్. పంతొమ్మిది సెకన్లు మిగిలాయి. టచ్‌డౌన్ తర్వాత ఇచ్చే అదనపు ప్రయత్నంలో రెండు పాయింట్లు కూడా కొట్టి 41-38. వింటున్నది కీత్ జాక్సన్ గొంతు, ఆ పెద్దాయన కామెంటరీ చెప్పిన ఆఖరి గేము అదేనని తర్వాత తెలిసింది. విన్స్ యంగ్ ఆ రాత్రి 267 యార్డులు పాసులతో, 200 యార్డులు పరుగుతో సంపాదించాడు. ఇంకొకడు అలా ఆడగా నేను చూడలేదు, చూస్తాననీ అనుకోను. జో బరో 2019లో ఎల్ఎస్‌యూకి ఆడినప్పుడు కొంచెం దగ్గరికి వచ్చాడు, అంతవరకే.

అప్పుడు వాసన వచ్చింది. పప్పు కుక్కర్ ఎన్ని విజిల్సు వేసిందో ఎవరికీ తెలీదు, అడుగంటి నల్లగా అయిపోయింది. ఎవడూ పట్టించుకోలేదు. కోట్లు తగిలించుకుని బస్సు కోసం ఆగకుండా ఒక సీనియర్ కారులో ఆరుగురం ఇరుక్కుని క్యాంపస్‌కి వెళ్లాం. గ్వాడలూప్ వీధి పొడవునా జనం, కార్ల పైకప్పుల మీద జనం, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కావలించుకుంటున్నారు, చూపుడువేలూ చిటికెనవేలూ పైకెత్తి. అంత రాత్రప్పుడు యూనివర్సిటీ టవర్ మొత్తం నారింజ రంగులో వెలుగుతోంది, కిటికీల దీపాలతో నిలువునా పెద్ద "1". ఫోటోలు తీసి ఇంటికి పంపిస్తే మా నాన్న ఫోన్లో మొదట అడిగింది "పరీక్షలో ఫస్టొచ్చారా ఏంటి?" అని.

ఆ టవర్ మళ్లీ అలా ఫుట్‌బాల్ జాతీయ ఛాంపియన్‌షిప్ కోసం వెలగలేదు. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది.

బౌల్ గేములంటే నాకిష్టం పుట్టింది మాత్రం మా టీము లేని ఆటవల్ల. 2007 జనవరి 1, ఫియస్టా బౌల్, ఓక్లహోమాకి ఎదురుగా ఐడహో నుంచి బోయిసీ స్టేట్, నీలం రంగు గడ్డి మీద ఆడుకునే టీము. ఏడు పాయింట్లు వెనకబడి, పద్దెనిమిది సెకన్లే ఉండగా, నాలుగో డౌన్‌కి పద్దెనిమిది యార్డులు కావలసి వచ్చినప్పుడు, పాస్ అందుకున్నవాడు ఎదురుగా వస్తున్న తన మనిషికి బంతి మార్చేస్తే వాడు దాన్ని టచ్‌డౌన్ దాకా మోసుకెళ్లాడు. ఓవర్‌టైములో పాస్ వేస్తున్నట్టు చెయ్యెత్తి, వీపు వెనకనుంచి ఇంకొకడికి బంతి అందించి రెండు పాయింట్లు, 43-42. ఆ బంతి అందుకున్న ఇయన్ జాన్సన్ అక్కడే మోకాలి మీద కూర్చుని తన చీర్‌లీడర్ ప్రేయసికి పెళ్లి ప్రస్తావన చేశాడు. మన సినిమాల్లో పెట్టినా అతిగా ఉంది, తీసెయ్యమనేవాళ్లు. పదమూడుకి పదమూడు గెలిచిన ఆ టీముకి ఆఖరి ర్యాంకు ఐదు. అయినా ఆ ఏడాది ఛాంపియన్ ఫ్లోరిడా ఫైనల్ ఎలా ఆడిందంటే గుర్తులేదు నాకు, బోయిసీ ఆట మాత్రం అడుగడుగూ గుర్తుంది.

చదువైపోయి ఆస్టిన్‌లోనే ఉద్యోగంలో చేరాను. పక్క క్యూబికల్లో లబ్బక్ నుంచి వచ్చినాయన, ఆ ఊరి టీము టెక్సాస్ టెక్ వీరాభిమాని. 2008 నవంబరు 1న మా టీము లబ్బక్ వెళ్లింది, ఒక్క సెకను ఉండగా వాళ్ల మైకేల్ క్రాబ్‌ట్రీ బంతి అందుకుని సైడ్‌లైన్ అంచున తూలకుండా నిలబడి లోపలికి దూరాడు, 39-33. సోమవారం ఆయన ఏమీ అనలేదు, ఊరికే నా బల్ల మీద ఒక డోనట్ పెట్టి వెళ్లాడు. తర్వాత ఆ టెక్‌ని ఓక్లహోమా 65-21తో కొట్టింది. ఆ ఓక్లహోమాని అంతకుముందే మేం 45-35తో కొట్టి ఉన్నాం. ముగ్గురికీ ఒక్కో ఓటమి. ఎవరు బిగ్ 12 ఫైనల్‌కి? రూలు పుస్తకంలో బీసీఎస్ ర్యాంకు ఎవరిది పైన ఉంటే వాళ్లని ఉంది. వెంట్రుకవాసి తేడాతో ఓక్లహోమా పైకెళ్లింది, అక్కణ్ణుంచి జాతీయ ఫైనల్‌కీ వెళ్లి ఫ్లోరిడా చేతిలో 24-14తో ఓడింది. ఊరంతా 45-35 అని రాసుకున్న చొక్కాలు వేసుకుని తిరిగాం. వరంగల్ వాడు అప్పటికి సియాటిల్లో ఉన్నాడు, ఫోన్ చేసి "కంప్యూటర్ల ప్రకారం ఓక్లహోమాదే రైటురా" అన్నాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు నేను.

మరుసటి ఏడాది బిగ్ 12 ఫైనల్లో నెబ్రాస్కా మీద, వాళ్ల నడామకన్ సూ మా క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్‌ని గడ్డిపోచలా విసిరేస్తుంటే, గడియారం సున్నాకొచ్చాక రీప్లే చూసి ఒక్క సెకను వెనక్కిచ్చారు. ఆ సెకనులో హంటర్ లారెన్స్ ఫీల్డ్ గోల్, 13-12. నెబ్రాస్కా వాళ్లు దీన్ని దొంగతనం అంటారు. అననివ్వండి. ఫైనల్లో మెకాయ్ భుజం మొదట్లోనే దెబ్బతిని వెళ్లిపోయాడు, అలబామా 37-21. ఆ సీజన్లోనే టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ), బోయిసీ స్టేట్, సిన్సినాటి కూడా ఓటమి లేకుండా బౌళ్ల దాకా వచ్చాయి. టీసీయూనీ బోయిసీనీ తెలివిగా ఫియస్టాలో ఒకరితో ఒకరిని ఆడించారు, పెద్దవాళ్లకి ఇబ్బంది లేకుండా.

ఆ రోజున మొదలైన అలబామా రాజ్యం వాళ్ల కోచ్ నిక్ సేబన్ 2024 జనవరిలో రిటైరయ్యేదాకా నడిచింది, ఆరు ఛాంపియన్‌షిప్‌లు. ఎల్ఎస్‌యూలో ముందే ఒకటి. గొప్పవాడే, కాదనను, కానీ ప్రతి ఏడూ జనవరిలో అదే ఎర్ర చొక్కాలు చూసి చూసి విసుగొచ్చేది. 2011లో ఎల్ఎస్‌యూ, అలబామా నవంబరులో ఆడాయి, ఒక్క టచ్‌డౌన్ లేకుండా 9-6తో ఎల్ఎస్‌యూ గెలిచింది. జనవరిలో ఫైనల్‌కి మళ్లీ వాళ్లనే పిలిచారు! ఈసారి అలబామా 21-0. ఓక్లహోమా స్టేట్ వాళ్లు బయట నిలబడి చూశారు. అప్పటిదాకా ప్లేఆఫ్ వద్దన్నవాళ్లకి కూడా ఆ ఫైనల్‌తో ఓపిక పోయింది. 2012లో నాలుగు టీముల ప్లేఆఫ్‌కి ఒప్పుకున్నారు, 2014 సీజన్ నుంచి మొదలైంది. కంప్యూటర్లు పోయి కమిటీ వచ్చింది.

కమిటీ మొదటి ఏడాదే చేసిన పని చూడండి. నేనప్పటికి డాలస్ పక్కకి మారాను. ఫోర్ట్‌వర్త్ టీసీయూ మూడో ర్యాంకులో ఉంది, ఆఖరి వారం 55-3తో గెలిచింది, ఆదివారం చూస్తే ఆరో ర్యాంకు. యాభై రెండు పాయింట్లతో గెలిచి మూడు మెట్లు కిందకి! నాలుగోదిగా ఓహయో స్టేట్ వచ్చింది, మూడో నంబరు క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌తో అలబామానీ ఒరెగాన్‌నీ కొట్టి కప్పు తీసుకెళ్లింది. చూశారా కమిటీ ఎంత కరెక్టో అన్నారు అందరూ. అదే రోజుల్లో టీసీయూ పీచ్ బౌల్‌లో ఓల్ మిస్‌ని 42-3తో తొక్కేసింది. దానికి అవకాశమిస్తే ఏమయ్యేదో ఎవరికి తెలుసు.

2023లో ఇదే సినిమా, కాకపోతే మేం అటువైపు. ఫ్లోరిడా స్టేట్ పదమూడుకి పదమూడు గెలిచింది, క్వార్టర్‌బ్యాక్‌కి కాలు విరిగిందని దాన్ని పక్కన పెట్టి ఒక్కో ఓటమి ఉన్న టెక్సాస్‌నీ అలబామానీ తీసుకున్నారు. మా పిన్ని కొడుకు తలహాసీలో ఆ ఫ్లోరిడా స్టేట్‌లోనే చదివాడు. "ఏంటన్నయ్యా, అన్నీ గెలిచినా రానివ్వరా, ఇంకేం చెయ్యాలి?" అని ఫోన్లో అడిగితే, 2008లో ఊరు దద్దరిల్లేలా అరిచిన నేను "రూల్సు అలా ఉన్నాయి నాన్నా, కమిటీ ఏదో ఆలోచించే ఉంటుంది" అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. ఆరెంజ్ బౌల్‌లో మనసు విరిగిన ఆ టీములో చాలామంది ఆడనే లేదు, జార్జియా 63-3. బౌల్ గేము అంటే ఇలా తయారైంది. ప్రొఫెషనల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లేవాడు దెబ్బ తగులుతుందని మానేస్తాడు, ఇంకొకడు అప్పటికే వేరే కాలేజీకి మారిపోయి ఉంటాడు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల మోకాళ్లు వాళ్లవి. ఈ మధ్య బౌళ్లలో నాకు నచ్చినవి ఆ తింగరివే. ఒకదాంట్లో గెలిచిన కోచ్ నెత్తిన బకెట్‌తో మయొనీజ్ పోస్తారు, ఇంకోదాంట్లో మనిషెత్తు పాప్‌టార్ట్ (టోస్టర్లో వేడి చేసుకు తినే తీపి బిళ్ల) బొమ్మని టోస్టర్లోకి దింపి, బయటికొచ్చిన దాన్ని గెలిచిన టీము తినేస్తుంది.

2024లో పన్నెండు టీములు వచ్చాయి. మొదటి రౌండు కాలేజీ మైదానాల్లోనే. డిసెంబరు 21న టెక్సాస్, క్లెమ్సన్ మ్యాచి ఆస్టిన్‌లో. టికెట్ రేటు చూసి మా ఆవిడ "ఈ డబ్బుతో తిరుపతి వెళ్లి రావచ్చు" అంది, అయినా పిల్లాణ్ణి తీసుకుని వెళ్లాను. స్టేడియం ఇప్పుడు లక్ష మందిని పడుతోంది. ఫిరంగి అదే, ఎద్దు మారింది. 38-24. మావాడు రెండో క్వార్టర్ నుంచి గొంతు పోయి సైగలతోనే అరిచాడు. చెప్పొద్దూ, బౌల్ అని ఎక్కడో సగం ఖాళీ స్టేడియంలో ఆడించే దానికంటే ఇది వందరెట్లు మేలు. ఆ తర్వాత జనవరి 1న అరిజోనా స్టేట్ మీద ఓవర్‌టైములో నాలుగో డౌన్, పదమూడు యార్డులు, మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ నుంచి మాథ్యూ గోల్డెన్‌కి టచ్‌డౌన్ పాస్. నేను మళ్లీ పాతికేళ్ల వాణ్ణయిపోయాను. సెమీస్‌లో ఓహయో స్టేట్ మీద ఏడు పాయింట్లు వెనకబడి, గోల్‌కి ఒక్క యార్డు దూరంలో ఉండి, నేరుగా తోసుకుని వెళ్లక పక్కకి బంతి విసిరి ఏడు యార్డులు పోగొట్టుకున్నారు. రెండు డౌన్ల తర్వాత జాక్ సాయర్ అనేవాడు ఎవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి 83 యార్డులు పరిగెత్తాడు. వాళ్లిద్దరూ ఒకప్పుడు ఓహయో స్టేట్‌లో రూమ్మేట్లు. ఆ పక్కకి విసిరిన బంతి గురించి మా గ్రూపులో ఇప్పటికీ చర్చ నడుస్తోంది. వద్దు, దాని జోలికి పోను.

గొడవ ఆగిందా అంటే, ఆఖరి చోటు దగ్గర మళ్లీ మొదలైంది. డాలస్ ఎస్ఎంయూకి (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) ఇచ్చి మూడు ఓటములున్న అలబామాని ఆపారు, సగం దేశం ఏడ్చింది. మూడోసారి ఓడినవాడు ఇంట్లో కూర్చోవాలి అని నేను, ఎస్ఎంయూ ఎవర్ని గెలిచిందిరా అని భీమవరం వాడు. ఇప్పుడు 16 చెయ్యాలి, ఇంకా పెంచాలి అంటున్నారు. నన్నడిగితే పన్నెండు చాలు, క్వార్టర్ ఫైనల్స్ కూడా కాలేజీల్లోనే పెట్టండి, రోజ్ బౌల్‌ని ఈ ప్లేఆఫ్‌లోంచి విడిపించి జనవరి 1 సాయంత్రం ఆ కొండల వెనక ఎండ దిగేటప్పుడు పాత పద్ధతిలో ఆడుకోనివ్వండి. అనంతపురం వాడు నాలుగే ఉండాలంటాడు. వరంగల్ వాడైతే ఇప్పటికీ ఆదివారం పొద్దున కాలీ మాట్రిక్స్ నడిపి ర్యాంకులు గ్రూపులో పెడుతున్నాడు, కమిటీని రద్దు చేసి ఆ ఆరు కంప్యూటర్లనీ తిరిగి తెమ్మంటాడు.